సఖీర్ దారిలో బాపు కళ్ళు

శనివారం, రాత్రి



సాయంత్రం సఖీర్ ఎడారి దారిలో, మా బాపుకు వీసా, డ్రైవరు కొలువు ఇచ్చిన కఫీల్ కొత్త కారుకు ఫొటోలు తీశాను. కారు బాపు నడిపాడు. అన్నయ్య నడిపే పికప్ బండి వెనక బెల్టు కట్టుకుని కూర్చుని, పక్కనే అదే వేగంతో వస్తున్న కారును వరసగా తీస్తూ పోయాను. షట్టర్ నెమ్మదిగా పెడితే ఇసుక, చక్రాలు గీతల్లా సాగిపోయి, కారు మాత్రం స్పష్టంగా నిలుస్తుంది. సరిగ్గా అలాగే వచ్చింది. ఇంత మంచి ఫొటోలు నేనెప్పుడూ తీయలేదు.

ఇంటికొచ్చి పెద్దవి చేసి చూస్తే, స్టీరింగు వెనక బాపు కళ్ళు మూసుకుని ఉన్నాయి. రెప్పపాటు అనుకున్నాను. తర్వాతి ఫొటోలోనూ అంతే. ఆ తర్వాతి దాంట్లో తల కొంచెం వాలింది. నిన్న రాత్రంతా కఫీల్ చుట్టాల కోసం ఎయిర్‌పోర్టు డ్యూటీ చేశాడు కదా. నేనేమో కెమెరాలో గీతలు చూసి మురిసిపోతూ...

చూపిస్తే బాపు నవ్వాడు.

"సూడు బిడ్డా, నిద్రల గూడ బండి లైను తప్పలే!"

నేను నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "గివి కఫీల్‌కు పంపకు. కొలువు పోతది."

పంపను. కానీ ఇప్పుడు కూడా ఆయన ఊళ్ళో అద్లియా వైపు, కఫీల్ వాళ్ళ విందు ముగిసేదాకా కారులో కాచుకుని ఉన్నాడు. ఇక్కడ ఆదివారమూ బడి ఉంటుంది; తెల్లారితే కఫీల్ పిల్లలను దింపాలి.

పక్క సీట్లో నేనూ వెళ్తాను. ఆయన కళ్ళు వాలకుండా దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండాలి. ఇంట్లోనే నాలుగు మాటలు కలిపి మాట్లాడని దాన్ని. ఏం మాట్లాడాలి...