ఖాళీ బండ

పెద్దాసుపత్రి,
ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం.
బుధవారం, తెల్లవారాక.

మహారాజశ్రీ మేయరు గారి సముఖానికి,

మోకాలికి కట్టుతో మంచానికి అతుక్కుపోయిన మీ అక్క నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరూ, తమరి కుర్చీ, కారూ, కారు ముందున్న జెండా కూడా క్షేమమేనని తలుస్తాను.

తమరు పంపిన పళ్ళబుట్ట అందింది. త్వరగా కోలుకోవాలని అచ్చేసిన కార్డూ అందింది. కార్డు నిండా తమరి ఫొటో ఉంది. జబ్బుపడ్డ అక్కకి తన ఫొటో పంపించే తమ్ముణ్ణి ఈ వార్డులో ఇంతవరకూ ఎవరూ చూడలేదట. నర్సమ్మ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. పళ్ళు అందరికీ పంచేశాను.

ఇంక 'తమరు' అనడం నా వల్ల కాదు. ఒరేయ్ తమ్ముడూ, సూటిగా విను.

ఆ రోజు నువ్వు మా ఇంటికి వచ్చిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది. రెండేళ్ళుగా నా గుమ్మం తొక్కనివాడివి తిన్నగా లోపలికి వచ్చి, ఇస్త్రీ బట్టలు నలుగుతాయని కూడా చూడకుండా నేల మీద నా పక్కన కూర్చున్నావు. నా మోకాలు పట్టుకుని చూశావు. కుంటుతూ ఇంకెన్నాళ్ళు ఈడుస్తావక్కా, ఆపరేషన్ చేయిస్తాను, ఖర్చంతా నాది, నెలన్నర హాయిగా పడుకో అన్నావు. నువ్వు వెళ్ళాక నేను ఏడ్చాను. అమ్మ పోయాక నా మోకాలి సంగతి అడిగినవాడివి నువ్వొక్కడివే మరి. మర్నాడు చేపల షెడ్డులో నా పక్క బండ మీద అమ్ముకునే ఆవిడతో, ఎంత మేయరైనా మా తమ్ముడు మా తమ్ముడే అని గొప్పలు కూడా పోయాను. చుట్టమై వచ్చి దెయ్యమై పట్టావని నాకేం తెలుసు.

ఆపరేషనైన రెండో రోజే తెలిసింది. ఎవరు చెప్పారని మాత్రం ఇప్పుడు అడక్కు. కమిషనర్‌తో ఫోన్లో నువ్వన్నది పొల్లుపోకుండా నా చెవిన పడింది. ఆవిడ లేవడానికి నెలన్నర పడుతుంది, మనకి నెల చాలు అన్నావట. నిన్ను చంకనేసుకుని తిరిగిన అక్కని, నీకు 'ఆవిడ' అయ్యాను.

నెల ఎందుకు చాలో నీకు వేరే చెప్పాలా? షెడ్డు మీద ఆ తీర్పు తెచ్చిందే నువ్వు. కోర్టు మెట్ల కింద బల్ల వేసుకుని, కేసుల్లేక ఈగలు తోలుకుంటున్న రోజులవి. చేపల షెడ్డు పడగొట్టి బస్సులు నిలపాలని అప్పటి కార్పొరేషన్ నోటీసిస్తే, అమ్మా, తోటి ఆడవాళ్ళూ వచ్చి నీ బల్ల ముందు నిలబడ్డారు. నువ్వు ఫీజు మాటెత్తలేదు. భుజాలు జారిపోయే అరువు కోటు వేసుకుని, గొంతు ఎండిపోయేదాకా వాదించావు. నువ్వు మాట్లాడింది అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చిన్నప్పుడు వీణ్ణి ఊరికే ప్లీడరని పిలవలేదే అంటూ నా చెయ్యి గిల్లి గిల్లి కందిపోయేలా చేసింది.

గెలిచావు. కేసు వేసిన ఆడవాళ్ళు గానీ, వాళ్ళ కుటుంబంలో ఎవరైనా గానీ అక్కడ కూర్చుని అమ్మినన్నాళ్ళూ షెడ్డు జోలికి ఎవరూ రాకూడదన్నారు. వరసగా ఒక నెల వాళ్ళలో ఎవరూ కూర్చోకపోతే మాత్రం స్థలం కార్పొరేషన్‌ది. ఆ చివరి ముక్కకి ఒప్పుకున్నది నువ్వే. నెలపాటు బండ వదిలి ఉండగలిగే చేపలావిడ ఎక్కడుందండీ అని నువ్వంటే జడ్జి కూడా నవ్వాడు.

ఆ కేసు వేసినవాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు. వాళ్ళ పిల్లలు వేరే వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. అమ్మ బండ మీద నేనొక్కదాన్నే మిగిలాను. తర్వాత వచ్చి అమ్ముకుంటున్న వాళ్ళందరికీ నేనే నీడ. నేను లేస్తే వాళ్ళందరూ లేవాల్సిందే. నాకా పిల్లల్లేరు. నీ పిల్లలు ఎక్కడో దూరాన చదువుకుంటున్నారు. ఇదంతా లెక్కేసుకునే నా మోకాలు పట్టుకున్నావు. పైగా కుట్లు మానాయి, ఇంక ఇంటికి వెళ్ళొచ్చని డాక్టరు చెప్పిన సాయంత్రమే మాట మార్చేశాడు. మేయరు గారు ఇంకొన్నాళ్ళు ఉంచమన్నారట.

అక్కా, నువ్వు నాకు అడ్డంగా ఉన్నావు అని మొహం మీద చెప్పి ఉంటే నాకింత మంట ఉండేది కాదు. కోర్టులో ఎదురు నిలబడి నన్ను ఓడించినా, పోనీలే, లాయరు లాయరు పని చేశాడు అనుకునేదాన్ని. నువ్వు ప్రేమ తెచ్చి ముందు పెట్టావు. చేపలమ్ముకునేదానికే ఎర వేశావు. నేనూ నోరు తెరుచుకుని మింగాను.

నీ ఎదుగుదల చూసి నేనెప్పుడూ కళ్ళల్లో నిప్పులు పోసుకోలేదు. లారీల యజమానుల కేసులు వచ్చాయి, మేడలు కట్టేవాళ్ళ కేసులు వచ్చాయి, మెట్ల కింది బల్ల పోయి ఏసీ గది వచ్చింది. సంతోషించాను. మొదట కార్పొరేటరుగా నిలబడ్డప్పుడూ, తర్వాత మేయరు కుర్చీ కోసం తిరిగినప్పుడూ ఈ మోకాళ్ళతోనే ఇంటింటి మెట్లూ ఎక్కి ఓట్లడిగాను. చేపలమ్మిన తల్లి కడుపున పుట్టానని ప్రతి మీటింగులోనూ గొంతు వణికించేవాడివి. సరిగ్గా ఒకే చోట వణికేది. అది కనిపెట్టి కూడా చప్పట్లు కొట్టాను.

ఇప్పుడేమో షెడ్డు తీసేసి అద్దాల మేడ కడతావట. కింద కార్లకి, పైన షాపులకి. చేపలమ్మేవాళ్ళకి బైపాస్ అవతల రేకుల కింద చోటిస్తావట. అంత దూరం ఎవడు వస్తాడురా కొనడానికి? వచ్చేలోపు ఐసు కరిగి సరుకు మెత్తబడుతుంది, సగం ధరకి కూడా ఎవరూ ముట్టుకోరు. ఈ సంగతి తెలియకపోవడానికి నువ్వు వేరే ఇంట్లో పుట్టలేదు. అన్నిటికంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది ఎక్కడంటే, ఆ మేడకి అమ్మ పేరు పెడతానన్నావు చూడు, అక్కడ. అమ్మ గోడ మీద ఉంటుంది, అమ్మలాంటి వాళ్ళు రోడ్డు మీద ఉంటారు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళని చాలామందిని చూశాను. బూడిదకి దండ వేసేవాణ్ణి నిన్నే చూస్తున్నాను.

నిన్నటితో నెల నిండింది. ఈ రోజు ఎనిమిదింటికి నువ్వే స్వయంగా తాళం పట్టుకుని, ఫొటోగ్రాఫర్లని వెంటేసుకుని షెడ్డుకి వెళ్తున్నావని పేపర్లో చదివాను. నువ్వు కారెక్కేలోపు అందాలని ఈ ఉత్తరం ఇక్కడి ఆయా చేతికిచ్చి పంపిస్తున్నాను.

వెళ్ళకు. ఇన్ని తిట్లు తిట్టాక కూడా నీ పరువు గురించి నాకు బెంగగా ఉంది, నా ఖర్మ. ఎందుకు వెళ్ళొద్దంటున్నానో కింద రాశాను. సంతకం దాకా చదివి మడిచి పారేసే అలవాటు నీకుంది. ఇవాళ్టికి కిందిది కూడా చదువు.

ఇట్లు,
నువ్వు ఫోన్లో 'ఆవిడ' అన్న
మీ అక్క.

తా.క.: నీ ఆఫీసు వాళ్ళు రోజూ భోజనాలు ముగించుకుని, తీరిగ్గా మధ్యాహ్నం వచ్చి మన బండకి ఫొటో తీసుకెళ్ళారు. ఖాళీగానే ఉంది, నిజమే. ఆ వేళకి షెడ్డులో బండలన్నీ ఖాళీయే. చీకటితో మొదలయ్యే బేరం ఎండెక్కేసరికి అయిపోతుందని వాళ్ళకి తెలియదు సరే, ఫైలు మీద సంతకం పెట్టిన నీకు కూడా గుర్తు రాలేదా?

ఈ నెల పొడుగునా అమ్మ బండ మీద మీ ఆవిడ కూర్చుంది. ఆసుపత్రిలో వదినకి తోడుంటానని నీకు చెప్పి చీకటితో బయల్దేరింది అక్కడికే. నీ ఫోను మాటలు నాకు చేరవేసిందీ తనే. అమ్మకి కోడలు కుటుంబమా కాదా అని ఏ కోర్టులో వాదిస్తావో నీ ఇష్టం, తీర్పులో కుటుంబం అన్న మాట రాయించినవాడివి నువ్వే. షెడ్డులో ఒక్కరు కూడా నోరు మెదపలేదు. ఎనిమిదింటికి నువ్వు వెళ్తే, బండ మీద ఎవరున్నారో నీకంటే ముందు ఫొటోగ్రాఫర్లు చూస్తారు.

నేను తనని వద్దనే అన్నాను. నీ కాపురంలో నువ్వే నిప్పులు పోసుకోకు అని బతిమాలాను. నువ్వు ఆ కేసు వాదించిన రోజు తను కోర్టులో వెనక బెంచీ మీద ఉందట. ఆ లాయర్నే ఏరికోరి చేసుకున్నాను వదినా, ఆయన ఎటెళ్ళిపోయాడో తెలియడం లేదు అంది. అన్నాళ్ళూ ఆ పిల్లని సుకుమారం మనిషనుకున్నాను.

మొదటి వారంలోనే కత్తిపీటకి వేలు తెగింది. కట్టు చూసి కూడా ఏమైందని నువ్వు అడగలేదట. ఇంట్లో ఏదో వాసన వస్తోందని మాత్రం రోజూ చిరాకుపడి, కార్పొరేషన్ డ్రైనేజీ వాళ్ళని పిలిపించి పడగ్గది వెనక కాలవంతా తవ్వించావట. కాలవ శుభ్రంగానే ఉందయ్యా అన్నందుకు వాళ్ళని కూడా తిట్టావట. ఒరేయ్, అది మన అమ్మ దగ్గర వచ్చే వాసన.