ఎద్దు గుండెలూ, నున్సియా కాళ్లూ

ఫిబ్రవరి 9

నున్సియా అనే తొమ్మిదేళ్ల పిల్ల తొడకండ ముక్క ఆస్పత్రి నుంచి వచ్చింది. మా ల్యాబ్ అసిస్టెంట్ కొసిమో ఐసులో పెట్టి పరుగున తెచ్చాడు. ఏళ్ల తరబడి కబేళా నుంచి నాకు ఎద్దు గుండెలు మోసిన మనిషి. మనిషి ముక్క మోయడం ఇదే మొదలట.

రీడింగ్ ఘోరం. పిల్ల మైటోకాండ్రియా ఆక్సిజన్‌ని సరిగా వాడుకోవడం లేదు. నేను జీవితమంతా పట్టుకు వేలాడిన ప్రొటీనే చెడిందని నా అనుమానం. అది బి2 విటమిన్ ఊతం లేకపోతే నిలబడదని ఎద్దు గుండెల్లో ఎప్పుడో తేల్చాను. ఎవరికీ పట్టలేదు. వచ్చే శరదృతువులో రిటైరవుతున్నాను.

ఫిబ్రవరి 11

పిల్ల తల్లి డోరా వచ్చింది. మొగుడికి మోలా రేవులో చేపల పడవ. మా లిఫ్టుకి ఎప్పుడూ రోగమే కాబట్టి పిల్లని వీపున మోసుకుని ఎక్కింది. ప్రొఫెసరమ్మా, రెండు మెట్లెక్కితే కూలబడుతోంది, బడిలో బద్ధకపు గాడిదంటున్నారు, మందుందో లేదో ఒక్క మాట చెప్పండి అంది. దీని చర్మకణాలు పెంచి విటమిన్ వేసి చూస్తాను, అవి పుంజుకుంటే ఇదీ పుంజుకోవచ్చు అనేశాను. నా నోటికి తాళం లేదు.

నున్సియా గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్ చూసి, ఇందులో సాక్సులు ఉతుకుతారా అని అడిగింది.

మార్చి 2

పుంజుకోలేదు.

మార్చి 2, సాయంత్రం

విటమిన్ వేసిన కణాలూ, వేయనివీ ఒకేలా చచ్చినట్టు పడున్నాయి. పిల్లల డాక్టరు లొకొన్సోలె ఫోన్లో నిట్టూర్చి, నీ తప్పేముందిలే, డోరాకి శుక్రవారం నేను చెప్తాను అన్నాడు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఇన్నేళ్లూ ఎద్దులకి ఊడిగం చేశానన్నమాట.

మార్చి 3

మనసొప్పక, ఆరోగ్యమైన కణాలు పెట్టి చూశాను. అవీ ఊపిరి తీయడం లేదు! గంతేశాను. కొసిమో తొంగిచూసి, ఏంటమ్మా, నోబెల్ వచ్చిందా అన్నాడు. కాదయ్యా, అన్నీ చచ్చాయి అన్నాను. పాపం, బిత్తరపోయాడు.

సోమవారం విద్యార్థుల క్లాసుకి, ఈ ఊపిరి కొలిచే ఎలక్ట్రోడ్ గిన్నెలోనే రోటెనోన్ వేశాం. కణాల ఊపిరి ఆపే విషం. జిడ్డులా పట్టుకుంటుంది, ఆల్కహాల్‌తో మళ్లీ మళ్లీ కడిగితే గానీ వదలదు. నేను తొందరలో నీళ్లు తిప్పి వదిలేశాను. ముందు కంట్రోల్, అంటే ఆరోగ్యమైనవాటిని, చూడండర్రా అని ఏటా పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది నేనే. సిగ్గులేదు నాకు.

మార్చి 4

లేచాయి! గిన్నె శుభ్రంగా కడిగి పెడితే, విటమిన్ వేసిన నున్సియా కణాలు ఇంచుమించు ఆరోగ్యమైనవాటిలాగే ఊపిరి తీస్తున్నాయి. ఎన్నిసార్లు చూసినా అంతే. లొకొన్సోలెకి ఫోన్ చేశాను. డోరాకి రేపు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాడట. చెప్పకు అని అరిచాను. చెవి పోయిందన్నాడు. విటమిన్ మొదలుపెడతానని మాటిచ్చాడు.

ఏప్రిల్ 6

నెలయింది. ఉచ్చ నిమ్మపండు రంగులో వస్తోందని నున్సియా బడంతా చాటిందట. డోరా తలెత్తుకోలేకపోతున్నానంది. ఎక్కువైన విటమిన్ బయటికి పోతోంది, అంతే, గుణం కనిపించినట్టు కాదు అన్నాను. కాళ్లలో మార్పేమీ లేదు.

ఆల్చిప్పలూ బంగాళాదుంపలూ బియ్యమూ పేర్చి కాల్చిన టియెల్ల తెచ్చింది డోరా. ఇంకా ఏమీ కాలేదు కదా, ఎందుకివన్నీ అన్నాను. మీరే ఈసురోమంటున్నారు, మాట్లాడకుండా తినండి అంది. తిన్నాను. అడుగున మాడిన మెతుకులు కూడా గీకి తిన్నాను.

ఏప్రిల్ 20

భయంగా ఉంది. గిన్నెలో లేచినవి ఒంట్లోనూ లేవాలని రూలేం లేదు.

మే 8

మా ఊరి పునీతుడు సాన్ నికోలా పండుగ. విగ్రహాన్ని పడవలో ఊరేగించారు. నేను దేవుణ్ణి పెద్దగా నమ్మను. అయినా జనంలో నిలబడి నా ఎద్దులన్నిటికీ, కొసిమో నడుముకి, డోరా చేతి వంటకి మనసులో దండం పెట్టుకున్నాను. నచ్చిన పని ఇన్నేళ్లు చేయనిచ్చారు, పైగా జీతమూ ఇచ్చారు. ఎంతమందికి దక్కుతుంది ఈ అదృష్టం? ఎవరూ నాకేమీ బాకీ లేరు.

ఆ పిల్ల సంగతి మాత్రం అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

జూన్ 11

రక్తం తీయబోతే నున్సియా సూది చూసి మెట్లెక్కి పారిపోయింది. డోరా, లొకొన్సోలె, నేను ఆస్పత్రంతా వెంటపడ్డాం. ఎవరికీ అందలేదు.