డిప్లొమాతోనే వచ్చిన సీటు

1994 ఆగస్టు, శనివారం రాత్రి

వచ్చింది! మా సుజాతకు ఇంజనీరింగ్ సీటు వచ్చింది! అదీ నేరుగా రెండో సంవత్సరంలో! పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు చదివిన ఆ డిప్లొమా మీదే ఇచ్చారు. హైదరాబాద్‌లో సీట్లు ఇచ్చే సారు ఆ కాగితం బిడ్డ చేతికి ఇస్తుంటే నా కళ్ళకు ఏమీ కనబడలేదు.

మెట్‌పల్లిలో బస్సు దిగగానే చక్కెర పొట్లం కట్టించుకుని తిన్నగా పెద్దక్క ఇంటికి పోయాను. అక్క కోసం కాదు, బావ కోసం. "గది పానలు, రెంచీలు పట్టే చదువు. యూనివర్సిటోళ్ళు గేటు కాడనే ఆపుతరు. మళ్ల ఇంటర్ మొదటికెళ్ళి చదివియ్యి" అని చుట్టాల పెళ్ళిలో నలుగురి ముందు నవ్విన మనిషి ఆయనే కదా!

"నోరు తెరువు బావా."

"నాకు షుగర్ ఉన్నదిర!"

"ఉండనీ. గియ్యాల జర తినాలె."

చిటికెడు నోట్లో పోసేదాకా ఆ గడప దిగలేదు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

ఒక్కటే గుబులు. ఇంటర్ చదివి వచ్చిన పిల్లల నడుమ సుజాత లెక్కల్లో వెనకబడుతుందేమో, వాళ్ళూ బావ లాగే నవ్వుతారేమో... అడిగితే, "నవ్వనీ బాపూ. ఇనుము చెక్కే లేత్ మిషన్‌కే భయపడలే, గా లెక్కలకు భయపడుతనా?" అంది. అది భయపడదు. నేనే...

సరే. ఇంకా చెప్పవలసినవాళ్ళు: నిర్మల్‌లో చిన్నక్క. శ్రీరాంపూర్ గనిలో పనిచేసే తమ్ముడు. మస్కట్‌లో ఉన్న బామ్మర్దికి ఉత్తరం రాయాలి. బావకు చెప్పేశాను గానీ, ఇంట్లో చెబితే సరిపోదు. రేపు బజార్లో నలుగురి ముందు మళ్ళీ చెప్పాలి.