రెండు బల్లల మధ్య సంజాయిషీ

సెత్తాత్ పట్టణం, న్యాయస్థానం గేటు, ఎడమవైపు బల్ల,
గురువారం, అక్టోబరు 17.

గౌరవనీయులైన అర్జీల లేఖరి సీ బూషైబ్ గారి సముఖానికి, అదే గేటు వద్ద అదే వృత్తిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్న మిలూద్ సలాము చేసి విన్నవించుకునేది. తమరు, తమరి పిల్లలు, తమరి కళ్ళజోడు క్షేమమని తలుస్తాను.

సంజాయిషీకి ఒక పద్ధతి ఉన్నది. ముందు విషయం, తరువాత పూర్వాపరాలు, ఆపైన తప్పు, చివర ప్రార్థన. మొదటి పేరాలోనే తప్పు ఒప్పుకున్న అర్జీని గుమస్తాలు చదవకుండా పక్కన పడేస్తారని నాకు నేర్పినది తమరే. కనుక ఈ లేఖలో తప్పు తన వంతు వచ్చేవరకు వసారాలో కూర్చుంటుంది. ఓపిక పట్టగలరు.

విషయం. తమరు మన ఉమ్మడి గొడుగు కింద నుంచి తమరి బల్లను గేటు కుడివైపుకు మార్చుకుని నేటికి పందొమ్మిది రోజులు. ఈ పందొమ్మిది రోజులూ తమరు నాతో మాట్లాడలేదు. మన మధ్య దూరం పద్నాలుగు అడుగులు. అయినా ఈ జాబును తపాలాలో వేస్తున్నాను. పద్నాలుగు అడుగులు నడిచి వచ్చే ముఖం నాకు లేదు.

పూర్వాపరాలు. పోయిన చలికాలంలో మా మేనకోడలు సుకైనా నా ఫోనులో రాత యంత్రం ఒకటి పెట్టింది. ఏం కావాలో చెబితే రాసి ఇస్తుంది. తమరు అప్పుడే, "ఏం మిలూద్, బుర్రను కూడా అద్దెకిచ్చేశావా?" అన్నారు. "జాబు బాగుంటే చాలు గానీ, ఎవరు రాస్తే నీకేంటి?" అన్నాను నేను. నాటి నుంచి నా దినచర్య మారినది. పొద్దున్నే ముందు ఫోనుకు చార్జింగు, తరువాత నాకు పుదీనా టీ. అద్దె తగాదాలు, మీటరు ఫిర్యాదులు, విడాకుల జవాబులు అన్నీ అదే రాసేది. చేతిరాత లేనిదే జనం నమ్మరు కనుక, నేను వాటిని చూసి కాగితం మీదికి ఎక్కించేవాణ్ణి. చేయి రాస్తూ ఉంటే కళ్ళు వీధిలో తిరిగేవి. రాసిన దానిని చదివే అలవాటు ఎప్పుడు పోయినదో నా దగ్గర నమోదు కాలేదు.

ఇప్పుడు తప్పును లోపలికి పిలుస్తున్నాను.

తమరి తల్లి లల్లా రహ్మా గారు చనిపోయినప్పుడు నేను తమరికి రాసి ఇచ్చిన సంతాప లేఖ తమరికి గుర్తుండే ఉంటుంది. నలభయ్యో రోజున అక్కచెల్లెళ్ళకు దానిని చదివి వినిపించారని, కోటు లోపలి జేబులో పెట్టుకు తిరుగుతున్నారని నాకు తెలుసు. ఆ జాబు నా గుండెలోంచి వచ్చినది. దానిని మళ్ళీ వాడుకోవడమే నా నేరం. లారీ డ్రైవరు లర్బీ పోతే, టాంజియర్‌లో ఉన్న అతని తమ్ముడు వదినగారు ఇజ్జాకు సంతాపం రాసి పంపమని నాకు పురమాయించాడు. ఫోనులో తమరి జాబు ఉన్నది. పేరు మార్చమన్నాను. యంత్రం రెండు చోట్ల మార్చి మూడో చోట వదిలేసినది. నా చేయి నమ్మకంగా దానినే ఎక్కించినది.

ఇజ్జాకు చదవడం రాదు కనుక ఆ జాబును తెచ్చి తమరి చేతిలోనే పెట్టినది. నేను ఆ పూట రిజిస్ట్రారు గది ముందు వరుసలో ఉన్నాను. జరిగినది టీ అమ్మే కద్దూర్ చెప్పాడు. "రహ్మా గారి చేతి రొట్టె వాసన మన వీధిని ఇంకా విడిచి వెళ్ళలేదు" అని తమరు చదివారట. ఆమె, "ఆగాగు సీ బూషైబ్, మళ్ళీ చదువు. మా ఆయన టీ కూడా కాచుకునేవాడు కాదు, రొట్టెలెక్కడివి? ఎవతె ఈ రహ్మా? ఏ ఊళ్ళో పెట్టాడు దాన్ని?" అని బల్ల మీద చరిచినదట. తమరు కళ్ళజోడు తీసి, "ఆవిడ మా అమ్మ" అన్నారట. "మీ అమ్మకి మా ఆయన లారీలో ఏం పని?" అన్నదట ఇజ్జా. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారట. తమరు జాబును చివరి దాకా చదివి, మడిచి ఆమెకు ఇచ్చి, బల్లను ఒక్కరే ఎత్తుకున్నారట.

తమరి తల్లిగారి పేరు మీద వీధిలో నవ్వు పుట్టించినవాణ్ణి నేనే. ఇజ్జా ఇంటికి వెళ్ళి గడప బయట నిలబడి ఒప్పుకున్నాను. ఆమె, "ఆ రొట్టెల ముక్క ఒక్కటే బాగుంది, దాన్ని మాత్రం ఉంచు" అన్నది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ప్రార్థన. బల్లను తిరిగి తేవలసినది. వీలు కాకుంటే కనీసం పలకరించవలసినది.

ఇట్లు,
తమరి పూర్వపు పొరుగు బల్ల,
మిలూద్

తా.క. బూషైబ్, పైన ఒక అబద్ధం ఉంది. మీ అమ్మ జాబు నా గుండెలోంచి రాలేదు. మూడు రోజులు తెల్లకాగితం ముందు కూర్చున్నాను. ఊరివాళ్ళ ఏడుపులన్నీ రాసినవాణ్ణి, నా ఏడుపు ఒక్క వాక్యం కూడా రాలేదు. నాలుగో రోజు ఫోనుకు చెప్పాను: "స్నేహితుడి తల్లి పోయింది, రొట్టెలు బాగా చేసేది, అతను కంటతడి పెట్టేలా రాయి." అది పన్నెండు సెకన్లలో రాసింది. నువ్వు నన్ను కావలించుకుని, "మా అమ్మని నాకంటే నువ్వే బాగా చూశావురా" అన్నావు. నేను "అవును" అన్నాను. యంత్రంతో రాయించినందుకు కాదు, ఆ "అవును"కు నాకు సిగ్గు.

ఆ యంత్రానికి తెలియనిది ఒకటి చెబుతాను. వీధివాళ్ళందరి రొట్టెలూ కాల్చే ఉమ్మడి పొయ్యికి పంపే ముందు మీ అమ్మ ప్రతి రొట్టె మీదా గుర్తుకు రెండు వేళ్ళు నొక్కేది. ఒక్కదాని మీద మాత్రం మూడు వేళ్ళు. అది నాది. అన్నిటికంటే పెద్దది. "వాడికి చెప్పకు, అలుగుతాడు" అనేది. ఈ నాలుగు ముక్కలకు ఆరు కాగితాలు పట్టాయి. పదకొండు కొట్టివేతలు ఉన్నాయి, క్షమించు.

కావున నియమం: నేటి నుంచి ఈ బల్ల నుంచి వెళ్ళే ప్రతి సంతాప లేఖలోనూ పదకొండుకు తక్కువ కాకుండా కొట్టివేతలు ఉండవలెను. అంతకు తక్కువ ఉన్నచో సదరు దుఃఖం జరగనట్లుగా పరిగణించబడును. ఈ నియమమే తుది. అప్పీలు చేయదలచినవారు స్వయంగా హాజరై, నోటిమాటగా, నన్ను తిట్టి మాత్రమే చేసుకొనవలెను.