తలుపు మీది గీత

సంధ్యా, నేను ఫస్టు షిఫ్టుకు పోతున్న. పాలు కాగబెట్టిన. ఆదివారం కారు వద్దని ఖైజర్ అన్నకు నువ్వే ఫోన్ చెయ్యి, నాకు నోరు వస్తలేదు.

పిల్లలను హైదరాబాద్ పార్కుకు తోలుకపోవుడు ఈసారి గూడ కాదు. నా లీవు మంజూరు గాక వాపస్ వచ్చింది. బాయిల నా లెక్కనే కప్పు చూసే ఇంకో సర్దార్ కాలు విరిగి దవాఖానల ఉన్నడు, ఆయన డ్యూటీ గూడ నా మీదనే పడ్డది. ఎవలను ఏమనాలె?

రుత్విక్ చిన్నోడు, మరిచిపోతడు. సహస్ర మరువది. పార్కుల పెద్ద ఝూలా ఎక్కాలంటే తలుపు మీది గీతంత ఎత్తు పెరగాలె అని నేనే చెప్పిన. ఇందాక నిద్రల ఉండంగనే టేపు పెట్టి చూసిన. సరిగ్గ గంతనే ఉన్నది.

అందుకే ఆ గీత తుడిచి రెండు వేళ్లు పైకి గీసిన. లేచి కొలుసుకుంటె, ఇంకింత పెరగాలె బిడ్డా అని చెప్పు.

ఇంకోటి. పదేండ్ల సంది బొగ్గు బాయిల కప్పు తట్టి చూసి, కూలదు అనుకుంటెనే సుద్దతోని గీత పెడుతున్న. ఆ గీతను నమ్మి అందరు దాని కిందికి వస్తరు. ఒక్కనాడు తప్పు గీత పెట్టలే. ఇయ్యాల ఇంట్ల పెట్టిన.