క్లచ్ తెలియని కాలు

రాజాం, మంగళవారం రాత్రి, 2016

ఒళ్ళు అలసిపోయినా నిద్ర రావడం లేదు. ఉదయం డిగ్రీ పిల్లలకు కణవిభజన పాఠం చెప్పాను. విభజనను నడిపించే సైక్లిన్ ప్రోటీన్‌ను కణం సమయానికి ముక్కలు చేసుకోకపోతే విభజన మధ్యలోనే చిక్కుకుపోతుందని బొమ్మ వేసి చూపించాను. అన్నయ్య ఎముక మజ్జ క్యాన్సర్‌కు వారం వారం వేయిస్తున్న ఇంజక్షన్ అడ్డుకునేది ఆ ముక్కలు చేసే పనినే.

సాయంత్రం అన్నయ్య సాలూరులో లారీ లోడు దించి ఇంటికొచ్చాడు. ఒక కాలికే చెప్పుంది.

"రెండోదేదన్నయ్యా?"

కిందికి చూసుకుని కంగారుపడ్డాడు. "ఎక్కడ జారిపోనాదో తెల్డం లేదే. కాలు మొద్దుబారిపోనాది. నెల్లాళ్ళై క్లచ్ తొక్కినా తెల్డం లేదు."

"డాక్టరుగారికి సెప్పలేదేటి?"

"సెప్తే మందు ఆపేస్తారేమోనని భయమే."

ఆ మందు నరాలను కూడా దెబ్బతీస్తుందని నాకు తెలుసు. తెలిసీ ఒక్కసారీ అడగలేదు.

వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. మోతాదు తగ్గించి చూద్దాం, లారీ మాత్రం ముట్టుకోవద్దు అన్నారు.

అన్నయ్య మొలతాడుకున్న లారీ తాళాలు విప్పి నా చేతిలో పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా తెల్లవారకుండానే బయల్దేరే మనిషి. రేపు లేచి ఏం చేస్తాడో...