సముద్రానికి వీపుపెట్టిన బొమ్మ

నాన్నా,

రేపు నీ తద్దినం. సముద్రం ఒడ్డునున్న మన బెడోక్ ఫ్లాట్ కిటికీలో నువ్వు తెచ్చిన రాతిబొమ్మ ఇంకా ఉంది. పసిఫిక్ మధ్యలోని రాపా నుయి దీవిలో, పోయిన పెద్దల విగ్రహాలను సముద్రానికి వీపుపెట్టి, ఊరివైపు చూసేలా నిలబెట్టేవారనీ, పగడపు కళ్ళు పెట్టాక ఆ చూపే ఊరికి కాపలా అనీ చెప్పేవాడివి. అందుకే ఆ విగ్రహాల నమూనా అయిన ఈ బొమ్మని ఇంట్లోకి, మనవైపు తిప్పి పెట్టావు.

ఈమధ్య అది రోజూ సముద్రంవైపు తిరిగి ఉంటోంది. అమ్మ పని.

"మీ నాన్న అస్థికలు కలిపింది అక్కడే కదే. అటే చూడనీ" అంది.

తను అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. ఈ సాయంత్రం బొమ్మని మళ్ళీ ఇంటివైపు తిప్పాను. అమ్మ తన కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని, ఇంటికి వీపుపెట్టి, సముద్రంవైపు చూస్తూ కూర్చుంది. దీపం పెట్టే వేళయిందని పిలిచాను. ఇటు తిరగలేదు.